గర్భస్థ శిశువుకు నిజమైన రక్ష



సీమంతపు ముచ్చటతో ఆలయానికి వచ్చే దంపతులు, వారి వెంట వచ్చే పెద్దలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "అయ్యగారూ, కడుపులోని బిడ్డ తెలివైనవాడు కావాలంటే తల్లి ఏ స్తోత్రం చదవాలి?" అని. ప్రహ్లాదుడు తల్లి గర్భంలో ఉండగానే నారదుని ఉపదేశం విన్నాడనీ, అభిమన్యుడు గర్భంలోనే పద్మవ్యూహ ప్రవేశం నేర్చాడనీ మనవారందరికీ తెలుసు. ఇష్టదైవం పేరు ఏదైనా ప్రశాంతంగా తలచుకొమ్మని నేను చెబుతాను. అయితే కొన్నేళ్లుగా, ఆ సమాధానంతో పాటు నేనూ మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. మీ ఇంట్లో తాగే నీరు ఎక్కడిది? మీ పొలంలో ఏ మందు కొడుతున్నారు? అమ్మాయి ఏ మాత్రలు వేసుకుంటున్నది?

పురోహితుడు అడగవలసిన ప్రశ్నలేనా ఇవి అని కొందరు విస్తుపోతారు. మంచి మాట చేరగల చోటికి చెడ్డ పదార్థం కూడా చేరగలదు కదా! ఈ సంగతి గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది. ఈలోగా నా నోటి నుండి ఒక తప్పు మాట జారింది. దానిని దాచుకొని ఈ వ్యాసం వ్రాయడం ధర్మం కాదు గనుక ముందుగా అదే విన్నవిస్తాను.

గ్రహణం నాటి మాట

1999 ఆగస్టు 11 నాటి సూర్యగ్రహణం పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. అప్పటికి మా ప్రాంతంలోని ఒక వ్యవసాయ కుటుంబపు కోడలికి మూడవ నెల. బిడ్డ పుట్టాడు. మూడేళ్లు నిండినా మాటలు రాలేదు. పిలిస్తే తిరిగి చూడడం తక్కువ. పాలకీడులోని మా ఇంటికి తల్లీ, అత్తగారూ ఆ పిల్లవాణ్ణి ఎత్తుకొని వచ్చారు. నేను పంచాంగం తీశాను, నెలలు లెక్కించాను, గ్రహణం తగిలింది. "ఆనాడు బయట తిరిగిందా?" అని అడిగాను. "ఆ దినం నేను గడప దాటలె అయ్యగారు" అన్నది ఆ అమ్మాయి. అత్తగారు మాత్రం, పొద్దుగూకే వేళకే పొలం నుండి వచ్చిందని చెప్పింది. నేను అత్తగారి మాటనే పట్టుకొన్నాను. గ్రహణదోషమన్నాను. శాంతి చేయించాను. దక్షిణ కూడా పుచ్చుకొన్నాను.

మన భాషలో 'గ్రహణమొర్రి' అనే మాట ఉన్నది. పెదవి చీలి పుట్టిన బిడ్డను చూసి మన పూర్వులు ఆ పేరు పెట్టారు. ఆ పేరు వినడంతోనే తల్లి గ్రహణం నాడు ఏదో తప్పు చేసిందన్న తీర్పు కూడా వినబడుతుంది. గ్రహణకాలంలో స్నానం, జపం, దానం మన ఆచారం, అది వేరు. గ్రహణపు నీడ వల్ల గర్భస్థ శిశువుకు అవకరం కలుగుతుందనడానికి ఏ ఆధారమూ లేదు. ఒక మాట ఎంతకాలం నోళ్లలో నలిగినా అంతమాత్రాన సత్యం కాజాలదు. నేను ఆ మాటకు శాస్త్రపు ముద్ర వేసి ఒక కోడలి నెత్తిన పెట్టాను.

కొన్ని సంవత్సరాల తరువాత, నా భార్య అనారోగ్యం కారణంగా మిర్యాలగూడలో ఒక వైద్యుని వద్దకు వెళ్లాను. అక్కడ ఆ అమ్మాయే కనబడింది. చంకలో రెండవ బిడ్డ. చురుకైన బిడ్డ, నా ఉత్తరీయం పట్టి లాగాడు. ఆమెకు చిన్ననాటి నుండి మూర్ఛరోగం ఉన్నదనీ, దానికి మాత్రలు వాడుతున్నదనీ అప్పుడు తెలిసింది. మొదటిసారి అడగవలసిన ప్రశ్న అదే. నేను అడగలేదు. ఆమె అనుమతితో వైద్యుడు నాకు వివరించారు. మొదటి కాన్పు నాడు ఆమె వాడినది వాల్ప్రోయేట్ అనే మందు. రెండవసారి గర్భం రాకముందే దానిని మార్చారు. "పంతులుగారూ, ఈ ఒక్క బిడ్డ విషయంలో మందే కారణమని నేను రూఢిగా చెప్పలేను. గ్రహణం కాదని మాత్రం చెప్పగలను" అన్నారు. ఆ రోజు నుండి నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. ఆంగ్లంలో ఉన్నవాటిని మా మనుమడు చదివి చెబుతాడు.

మాయ అడ్డుగోడ కాదు

గర్భంలో మొదట ఏ అంగం ఏర్పడుతుందనే చర్చ సుశ్రుత సంహితలోనే ఉన్నది. శిరస్సే మొదట అని శౌనకుడు అన్నాడనీ, అన్నీ ఏకకాలంలోనే అని ధన్వంతరి నిర్ణయించాడనీ అందులో కనబడుతుంది. నేటి శాస్త్రం చూపే క్రమం ఇది. గర్భం నిలిచిన మూడవ వారంలో పిండం వీపు భాగాన ఒక పలుచని పొర గాడిలా వంగి, గొట్టంగా మూసుకొంటుంది. 28 రోజుల నాటికి ఆ గొట్టం పూర్తిగా మూసుకోవాలి. దాని పైభాగమే మెదడు, క్రింది భాగమే వెన్నుపాము. నెల తప్పిందని ఇంట్లో గుర్తించేసరికే ఈ పని ముగియవస్తుంది! అందుకే ఫోలిక్ ఆమ్లం మాత్ర గర్భం రాకముందు నుండే వేసుకోవాలని వైద్యులు చెబుతారు. ఇటువంటి లోపంతో ఒక బిడ్డ పుట్టిన తల్లులకు ముందుగా ఆ మాత్ర ఇస్తే, మళ్లీ ఆ లోపం రావడం సుమారు 72 శాతం తగ్గిందని 1991లో ప్రకటితమైన బ్రిటన్ పరిశోధన తేల్చింది.

ఆ తరువాతి నెలలలో నాడీకణాలు కోట్లాదిగా పుడతాయి. పుట్టిన చోటి నుండి తమ తమ స్థానాలకు ప్రయాణం చేస్తాయి. ఒకదానితో ఒకటి చేతులు కలుపుతాయి. పెద్దవారి మెదడులో ఉండే సుమారు 8,600 కోట్ల నాడీకణాలలో ఎన్నో పుట్టేది తల్లి కడుపులోనే. ఇంటి గోడ తరువాత వంకర అయితే సరిచేయవచ్చు. పునాది వేసేనాడు కలిసిన లోపాన్ని సరిచేయడం కష్టం.

తల్లికీ బిడ్డకూ నడుమ ఉన్న పొరను మనవారు మాయ అన్నారు. అది బిడ్డకు అన్నపానాలను అందిస్తుంది. కొన్ని క్రిములను ఆపుతుంది. కానీ అది అడ్డుగోడ కాదు. మద్యం దానిని సులభంగా దాటుతుంది. పొగాకులోని నికోటిన్ దాటుతుంది. సీసం కాల్షియం వేషం వేసుకొని దాటుతుంది. చేపలలో చేరే ఒక రకపు పాదరసం, శరీరం ఆహారమని భావించి లోపలికి పిలుచుకొనే ద్వారం గుండానే ప్రవేశిస్తుంది. జపాన్‌లోని మినమాట అనే ఊరిలో 1956లో బయటపడిన విపత్తు ఇదే. కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపలలో చేరింది. ఆ చేపలు తిన్న తల్లులలో కొందరు పైకి దాదాపు ఆరోగ్యంగానే ఉన్నారు; వారి బిడ్డలు మాత్రం తీవ్రమైన మెదడు లోపాలతో పుట్టారు.

మనకు సమీపంలోని వాడపల్లి క్షేత్రంలో మూసీనది కృష్ణలో కలుస్తుంది. అనంతగిరి కొండలలో తేటగా పుట్టిన మూసీ, భాగ్యనగరం మురికినంతా మోసుకొని అక్కడికి చేరుతుంది. సంగమంలో నిలబడి ఈ రెండు నీళ్లను విడదీయండి అంటే ఎవరి తరం? తల్లి రక్తమూ అంతే. ఎగువన కలిసినది దిగువన ఉన్న బిడ్డకు చేరుతుంది. జాగ్రత్త ఎగువనే ఉండాలి.

సింధూరం – నాగసంభవం

ఇది ఆలయానికి నేరుగా సంబంధించిన విషయం గనుక కొంచెం విస్తరించి చెబుతాను. ఎనిమిదవ ఏటనే అమరకోశం వల్లించినవాణ్ణి నేను. అందులో సింధూరానికి 'నాగసంభవం' అని పర్యాయపదం ఉన్నది. నాగమంటే సర్పమనే గాక సీసమని కూడా అర్థం. సింధూరం సీసం నుండి పుట్టినదని ఆ పేరే చెబుతున్నది! అరవై ఏళ్లు ఆ మాటను వల్లించాను, శిష్యులచేత వల్లింపజేశాను. దానిని భద్రంగా వినలేదు. అబద్ధం చెప్పిన 'గ్రహణమొర్రి'ని నమ్మాను, నిజం చెప్పిన 'నాగసంభవా'న్ని శబ్దంగా మాత్రమే తెలుసుకొన్నాను.

సంప్రదాయ సిద్ధమైన కుంకుమ పసుపుతో చేసినది. పసుపుకు సున్నం వంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. అందులో సీసం లేదు. సింధూరం పేరుతో అమ్మే కొన్ని పొడులు వేరు. అమెరికాలోని న్యూజెర్సీలోనూ, భారతదేశంలోనూ కొన్న సింధూరపు నమూనాలను పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. మన దేశంలో కొన్న 23 నమూనాలలో 43 శాతం, రంగులలో సీసానికి అమెరికా విధించిన హద్దును దాటాయి. ఆ పొడి నుదుట ఉన్నంతలో చర్మం గుండా చేరేది స్వల్పమే. వేలికి అంటి అన్నంలోనికి, నోటిలోనికి పోవడమే ప్రమాదం. అంజనేయస్వామి సింధూరాన్ని ప్రసాదబుద్ధితో నాలుకకు తాకించుకొనేవారిని నేను చూశాను. దయచేసి అలా చేయవద్దు. గర్భిణులు నుదుట పసుపు కుంకుమనే ధరించండి. స్వామి అనుగ్రహానికి లోటేమీ రాదు.

సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అది ఎముకలలో ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. గర్భకాలంలో బిడ్డ ఎముకల కోసం తల్లి ఎముకల నుండి కాల్షియం కరిగేటప్పుడు దానితోపాటు అదీ బయటికి వస్తుంది. ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువగా ఉన్న తల్లి సీసాన్ని ఎక్కువగా పీల్చుకొంటుంది. వేవిళ్లలో మట్టి, సుద్ద, బలపాలు తినాలనిపించడం మన స్త్రీలలో కద్దు. చాటుగా తిన్నందుకు కోప్పడకండి. అది రక్తహీనతకు గుర్తు కావచ్చు. ఆ మట్టిలో సీసమూ ఉండవచ్చు. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఇనుము మాత్రలు ఈ విధంగా కూడా రక్షణే.

రసౌషధాల విషయంలోనూ ఒక మాట. ఆయుర్వేదం మీద నాకు గౌరవం ఉన్నది. అయితే సీసం, పాదరసం వంటి లోహాలతో చేసిన భస్మాలను గర్భిణి ఎవరో చెప్పారని మింగరాదు. 2011–12 సంవత్సరాలలో న్యూయార్క్ నగరంలో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా కనబడింది. వారందరూ భారతదేశం నుండి వచ్చిన ఆయుర్వేద మందులు వాడినవారే.

నీరు, పొలం

మన పూర్వపు నల్గొండ జిల్లా పేరు ప్రపంచానికి తెలిసినది ఫ్లోరైడ్ వల్ల. ఇక్కడి గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భజలంలో కరుగుతుంది. దానిని తొలగించడానికి నీరి సంస్థ రూపొందించిన పటిక, సున్నం పద్ధతికి 'నల్గొండ పద్ధతి' అనే పేరు. ఆఫ్రికా దేశాలలోనూ దానిని వాడారు. వంగిన కాళ్లు, గారపట్టిన పళ్లు మనం కళ్లతో చూశాము. మెదడు సంగతి కంటికి కనబడదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ చేరే చోట్ల పిల్లల తెలివితేటల కొలత తక్కువగా ఉంటున్నదని అమెరికా ప్రభుత్వ విషశాస్త్ర సంస్థ 2024 ఆగస్టులో ప్రకటించింది. తాగునీటిలో మన దేశం అనుమతించే పైహద్దు కూడా 1.5 మిల్లీగ్రాములే. ఒక ముఖ్య విషయం: ఫ్లోరైడ్ కాచితే పోదు, నీరు ఆవిరై మరింత చిక్కబడుతుంది. గుడ్డతో వడపోసినా పోదు. బోరునీరు తీయగా ఉన్నదని తాగక, గర్భిణి ఉన్న ఇంట శుద్ధి చేసిన నదీజలాన్నే తాగడానికీ వంటకూ వాడండి. బోరు తప్పనిసరి అయితే పరీక్ష చేయించండి.

ఇక పొలం. సాగర్ ఎడమ కాలువ నీటితో మన ప్రాంతం వరికి నెలవైనది. నాట్లు వేసేది, కలుపు తీసేది స్త్రీలే. మందు కొట్టేది పురుషులే అయినా ఆ మందు తడిసిన మడిలో దిగేదీ, మందు కొట్టిన బట్టలు ఉతికేదీ స్త్రీలు. ఆర్గానోఫాస్ఫేట్లు అనే జాతి పురుగుమందులు, నాడులు ఒకదానితో ఒకటి సంభాషించే రసాయనం పనిని చెడగొట్టి పురుగును చంపుతాయి. అదే రసాయనం బిడ్డ మెదడు పెరుగుదలకూ అవసరం. అవి చర్మం గుండానూ ఒంట్లోకి పోతాయి. కాలిఫోర్నియాలో సాలినాస్ లోయ అనే వ్యవసాయ ప్రాంతంలో గర్భిణుల మూత్రంలో వీటి ఆనవాళ్లను కొలిచి, బిడ్డలను ఏడవ ఏట పరీక్షించారు. అతి ఎక్కువ ఆనవాళ్లు ఉన్న తల్లుల పిల్లలకు, అతి తక్కువ ఉన్నవారి పిల్లలకంటే తెలివి కొలతలో సగటున 7 పాయింట్లు తక్కువ వచ్చాయని 2011లో ప్రకటించారు. వారు కూడా మనవంటి కూలిజనమే.

మందులు, మత్తు

వాల్ప్రోయేట్ సంగతికి వస్తాను. అమెరికా, బ్రిటన్ దేశాలలో మూర్ఛరోగమున్న తల్లుల బిడ్డలను మూడవ ఏట పరీక్షించి 2009లో ప్రకటించిన అధ్యయనంలో, ఈ మందుకు లోనైన పిల్లల తెలివి కొలత లామోట్రిజిన్ అనే మందుకు లోనైనవారి కంటే సగటున 9 పాయింట్లు తక్కువ. గర్భంలో దీనికి లోనైన ప్రతి 100 మంది పిల్లలలో 30 నుండి 40 మందికి మాట, నడక, జ్ఞాపకం వంటి వాటిలో ఎదుగుదల లోపాలు ఉండవచ్చని యూరప్ ఔషధ సంస్థ 2014లో హెచ్చరించింది. మన దేశంలోనూ తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థ 1998 నుండి ఇటువంటి తల్లుల వివరాలు నమోదు చేస్తూ వారికి మార్గం చూపుతున్నది.

ఇది చదివి ఎవరూ మూర్ఛ మాత్రలు తమంతట తాము మానరాదు. చేతులెత్తి వేడుకొంటున్నాను. హఠాత్తుగా మానితే మూర్ఛలు ముదిరి తల్లీబిడ్డల ప్రాణాలకే ముప్పు. పెళ్లి నిశ్చయమైననాడే వైద్యునితో చెప్పి, తగిన మందుకు, తగిన మోతాదుకు మారడమే మార్గం. అందుకు అమ్మాయి తన రోగాన్ని అత్తవారింట దాచవలసిన అగత్యం ఉండకూడదు. సంబంధాలు చూసే పెద్దలు ఈ విషయం ఆలోచించాలి.

మద్యం గురించి మన గ్రంథమే చెప్పింది. చరకసంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో, నిత్యం మద్యం సేవించే గర్భిణికి జ్ఞాపకశక్తి తక్కువైన, నిలకడలేని మనసుగల బిడ్డ కలుగుతుందని ఉన్నది. ఫ్రాన్సులో 1968లో, అమెరికాలో 1973లో వైద్యులు వర్ణించిన లక్షణాలకు ఇది దగ్గరగా ఉన్నది. ఒళ్లునొప్పులకని గర్భిణికి కల్లు పట్టించే పెద్దలు దీనిని గమనించాలి. మత్తుమందులు కలిపిన కల్లు సంగతి వేరే చెప్పనక్కరలేదు. అట్లని ఆ అధ్యాయంలోని ప్రతి మాటా నేడు నిలుస్తుందని నేను అనను. తల్లి వెల్లకిల పడుకొంటే పేగు బిడ్డ మెడకు చుట్టుకొంటుందని కూడా అక్కడే ఉన్నది, అది నిలవదు. పరీక్షకు నిలిచినది గ్రహించడమే పండితుని పని.

పాత్రను మోసేదెవరు?

ఆ అధ్యాయంలోనే నాకు అత్యంత ప్రియమైన మాట మరొకటి ఉన్నది. అంచుల దాకా నూనె నిండిన పాత్రను తొణకకుండా చూసుకొన్నట్లు గర్భిణిని చూసుకోవాలని. గమనించండి. ఈ ఆజ్ఞ ఎవరికి? పాత్రకు కాదు, దానిని మోసేవారికి. భర్తకు, అత్తమామలకు, పుట్టింటివారికి, ఊరికి. నూనె తొణికితే పాత్రను తిట్టడం మన అలవాటైపోయింది.

కావున పెద్దలారా, మందు కొట్టిన పొలంలోకి కోడలిని పంపకండి. మందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి. ఖాళీ డబ్బాలలో నీరు పట్టకండి. మందు కొట్టినవాడు తన బట్టలు తానే ఉతుక్కోవాలి. గర్భిణి ఉన్న ఇంట చుట్ట, బీడీ కాల్చకండి. మందుల దుకాణంలో ఏ మాత్ర కొన్నా గర్భవతి అని ముందే చెప్పండి. సీమంతానికి చీరసారెలు పెట్టే స్తోమత ఉన్నవారు నీటి పరీక్షకు, మొదటి నెలలలో వైద్యుని దర్శనానికి కూడా కొంత వెచ్చించండి. దాతలకు నా విన్నపం: ఆలయంలో పంచే కుంకుమ పసుపుతో చేసినదే కావాలని, సింధూరమైతే పరీక్షించినదే కావాలని కోరండి. ధర్మకర్తలకు నేనూ ఈ మాట మనవి చేశాను. అన్నీ పాటించినా కొందరు బిడ్డలు లోపాలతో పుడతారు. కారణం వైద్యులకూ అంతుపట్టదు. అప్పుడు తల్లిని ప్రశ్నించకండి. బిడ్డను ఎత్తుకోండి.

గత శ్రావణంలో నేను ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. ఇప్పుడామెకు నలభై దాటాయి. పెద్ద కుమారుడు ఇంటి వద్దనే ఉంటాడు, పశువులను ప్రేమగా చూసుకొంటాడు. ఆనాడు నేను చెప్పినది తప్పని, దోషం ఆమెది కాదని, నాదని అతని ముందే చెప్పాను. ఆమె మంచినీళ్లు తెచ్చి ఇచ్చి కాసేపు మౌనంగా ఉన్నది. ఆ తరువాత, "మా అత్త బతికున్నప్పుడు చెప్తే బాగుండు గదా అయ్యగారు" అన్నది.

దానికి నా వద్ద సమాధానం లేదు. మీ ఇళ్లలో ఆ మాట చెప్పవలసిన సమయం ఇంకా మించిపోలేదని తలచి ఈ నాలుగు మాటలు వ్రాశాను.

స్వస్తి.